వెనక రెండు ట్రాకులు

ఫిబ్రవరి 3, సోమవారం

ఆయన రెండు నోటుపుస్తకాలు కొనుక్కొచ్చారు. ఒకటి నీలం అట్టది, ఇంకొకటి గోధుమరంగుది. నీలం దాంట్లో నేను విన్నది విన్నట్టు రాయాలి. అది నిండాక గోధుమరంగుది. నిండేదాకా ఆగకుండా ఇవాళే దీన్ని తెరిచాను. ఎందుకంటే నీలం పుస్తకం మొదటి పేజీలోనే ఒక అబద్ధం రాశాను. హైస్కూలు చదువు అయ్యాక సరుకుల చీటీలు తప్ప ఏమీ రాయనిదాన్ని. యాభై ఏళ్ళ వయసులో ఇలా కలం పట్టానంటే, ఆ అబద్ధానికి ఎదురుగా నిజం కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని. పొద్దున ప్రార్థనలో దేవుడికి చెప్పుకున్నాను. కానీ దేవుడి దగ్గర నేను కాస్త నా వైపు లాక్కుని చెబుతాను. కాగితం మీద అలా కుదరదేమోనని ఆశ.

మొదటి నుంచి రాస్తాను. లేకపోతే నన్ను నేనే వెనకేసుకొస్తాను.

ఆయనకి కుడి చెవి పోయిన ఏడాదే పోయింది. ఎడమది కూడా ఎక్కువ రోజులు ఉండదని పోయిన వారం డాక్టరమ్మ చెప్పింది. మిషను పెట్టుకుంటే మాటలు కొంత అందుతాయి కానీ పాట పాటలా వినిపించదట. ముప్ఫై ఏళ్ళు సినిమా హాల్లో సౌండు ఆపరేటరుగా చేసిన మనిషి. ఇంటికొచ్చి చెప్పులు విప్పి, కాగితం మీద 'ఏడు పాటలు' అని రాసి కింద గీత గీశారు. అంతే. 

ఆ ఏడు పాటలూ మా ప్రార్థన బృందం పాడినవే. పన్నెండేళ్ళ క్రితం పాత ప్రార్థన హాలు కూల్చేస్తారనగా, ఆ చివరి వారంలో ఆయన రికార్డు చేశారు. ముందు మూడు మైకులు, వెనక రెండు, గుమ్మని మోగే శబ్దానికి ఒకటి. మొత్తం ఆరు ట్రాకులు. అవి వినాలంటే ఆరు స్పీకర్లు కావాలి. మూతబడిన సినిమా హాలు నుంచి ఆయన తెచ్చుకున్న సెట్టు ఉన్నన్నాళ్ళూ మా ముందుగది నాలుగు మూలల నుంచీ పాడేది. ఈ చలికాలంలో అది కాలిపోయింది. పాడిన ముప్ఫై మందిలో పదకొండు మంది ఇప్పుడు లేరు. మిగిలినవాళ్ళ ఇళ్ళలో ఉన్నవి రెండేసి స్పీకర్లు, కాకపోతే ఫోను. అందుకని ఆరు ట్రాకుల్నీ రెండుగా కలిపి ఇంటింటికీ ఇవ్వాలని ఆయన పట్టుదల. ఎడమ చెవి ఉండగానే.

ఆయనకి మిగిలింది ఒక చెవి. ఎడమా కుడీ సరిచూడటానికి రెండోది కావాలి. ఆ రెండోది నేను.

ఇవాళ వెనక మైకుల రెండు ట్రాకులే వేసి, హెడ్‌ఫోను నా తలకి పెట్టి, ఏముంది వెనక అని అడిగారు.

వెనక ఉన్నది నేను.

ఉత్త గోలండీ, దగ్గులూ కుర్చీలూ అన్నాను. నీలం పుస్తకంలో అదే రాశాను.

ఫిబ్రవరి 4

చెప్పలేదు. ఉల్లిపాయలు మాడతాయని లేచి వచ్చేశాను. పొయ్యి అసలు వెలిగించనే లేదు.

ఫిబ్రవరి 7

పడకగది ఇప్పుడు పనిగది అయింది. కిటికీకి బొంత కట్టారు, తలుపు వెనక పరుపు నిలబెట్టారు. గోడల మీంచి శబ్దం తిరిగి రాకూడదట. కంప్యూటరు ముందు ఆయన, పక్కన స్టూలు మీద నేను.

ఆయన పని చేస్తుంటే చూడటం ఇదే మొదటిసారి. సినిమా హాల్లో ఆయన గది పైన ఎక్కడో ఉండేది, మనకి కనపడేది కాదు. చెయ్యి మౌసు మీద ఉంటుంది కానీ కదలదు. నిమిషం, రెండు నిమిషాలు. తర్వాత వెంట్రుకవాసి జరుపుతారు. మళ్ళీ మొదటి నుంచి వింటారు. పసిపిల్లకి జడ వేసేటప్పుడు చిక్కు దగ్గర వేళ్ళు ఎలా ఆగుతాయో అలా ఆగుతారు. విసుగన్నది లేదు. మనుషుల మీద విసుక్కుంటారు గానీ శబ్దం మీద ఎప్పుడూ విసుక్కోరు.

విసుగంతా నా మీదే. ప్రతిసారీ ఎలా ఉంది అని అడగడం, నేను బాగుంది అనడం. పదోసారికి మౌసు వదిలేసి నా వైపు తిరిగారు.

"ఇదిగో, బాగుంది అంటే నువ్వు విన్నావని కాదు. నన్ను నొప్పించకూడదనుకున్నావని. ఈ గదిలో ఆ మాట నిషేధం."

మరేం అనమంటారు అన్నాను. నీకు ఏం గుర్తొస్తే అది అనమన్నారు. వంటిల్లు గుర్తొస్తే వంటిల్లే అనమన్నారు.

ఫిబ్రవరి 11

ఇవాళ నాకు మెప్పు దొరికింది. రాసుకుంటే తప్పులేదనుకుంటాను.

ఆరు ట్రాకులూ కంప్యూటరు చేత ఒక్కసారే కలిపించి వినిపించారు. బాగుంది అనబోయి నాలిక కరుచుకున్నాను. పాలు పొంగినట్టుందండీ, పెద్దగా పాడిన చోటల్లా అంచు దాటి పోతోంది అన్నాను. ఆరింటిని రెండింటిలో పోస్తే మరి పొంగవా అని నవ్వి, అన్నిటినీ కాస్త తగ్గించారు. ఆ ఫైలుకి 'పొంగు' అని పేరు కూడా పెట్టారు.

తర్వాత అన్నాను, మనుషులు రేకుడబ్బాలో మూతి పెట్టి పాడినట్టుందని. ఆయన కుర్చీలోంచి లేచారు. అదే, అదే అంటూ గదంతా తిరిగారు. ఉన్నవి నాలుగడుగులే కాబట్టి నాలుగుసార్లు తిరిగారు. ముందు వరసలో పాడినది వెనక మైకుకి రెప్పపాటు ఆలస్యంగా చేరుతుందట. హాల్లో అది గుండ్రంగా వినిపిస్తుంది. రెండు ట్రాకుల్లోకి కుదిస్తే ఒకే మాట రెండుసార్లు పడి డబ్బా అవుతుందట. వెనకవాటిని కొంచెం ముందుకు జరపాలి. మొత్తం జరిపితే హాలు పోతుంది, జరపకపోతే డబ్బా పోదు, మధ్యలో ఎక్కడో ఉంటుంది సరైన చోటు. ఒక్కో పాటకి మూడు నాలుగు రోజులు పట్టొచ్చు.

అప్పుడు నేను మెల్లగా అన్నాను. వెనకవి గోలేగా, తీసేస్తే సరిపోతుందిగా అని.

ఆయన చాలాసేపు తెర వైపు చూశారు. వెనక ఒక గొంతుండేదని నాకు గుర్తు, నేనే ఊహించుకున్నానేమో, చెవులే పోతున్నాయి ఇక జ్ఞాపకం ఎంత అన్నారు. ఆ రెండు ట్రాకులూ మూసేశారు.

మెప్పు గురించి రాద్దామని కూర్చున్నాను. రాసింది ఇది.

ఫిబ్రవరి 12

ఎందుకు దాస్తున్నానో రాయాలి.

బృందాన్ని నడిపేది ఆయన అక్క, మా వదిన. పెళ్ళయిన ఏడాది నన్ను తీసుకెళ్ళి వెనక వరసలో నిలబెట్టింది. నీది పిట్టగొంతు మరదలా, శ్రుతికి అడ్డం పడుతుంది, ఊరికే పెదాలు ఆడించు, దేవుడికి తెలుస్తుందిలే అంది. కోపంగా కాదు, నవ్వుతూనే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సరే వదినా అన్నాను.

పెదాలు ఆడించాను. కొన్నాళ్ళకి వాటి వెనకాలే గొంతు కూడా కదిలింది. ఎవరికీ వినిపించనంత. సరే అన్న మాట తప్పానని రోజూ దేవుడికి క్షమాపణ చెప్పుకుని, మళ్ళీ పాడేదాన్ని. ఇంట్లో ఆ ఆరు స్పీకర్లు మోగినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని, ఎందుకైనా మంచిదని.

ఇప్పుడా రెండు ట్రాకులు పైకి వస్తే ఇంటింటికీ వెళతాయి. ఇంటింటా తెలుస్తుంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

నాలుగు పాటలు అయిపోయాయి. వెనకవి లేకపోతే పని ఎంత వేగం.

వదిన వచ్చింది. డెబ్బై దగ్గర పడుతున్నా గేటు తీసిన చప్పుడుకే ఇల్లు సర్దుకుంటుంది. బొంతలు చూసి, ఏరా తమ్ముడూ, శబ్దానికి జలుబు చేసిందా అంది. ఆయనకి అందలేదు. ఎడమ వైపుకి వెళ్ళి మళ్ళీ అంది. నవ్వారు. జోకు రెండోసారి చెప్పాల్సి వచ్చినందుకు వదిన మొహం ఎలా మారిందో నేను చూశాను.

నాలుగు పాటలూ విని తృప్తిగా తలాడించింది. మందిలో గజిబిజి పోయిందిరా, కడిగిన గ్లాసులా ఉంది అంది. టీ ఇస్తుంటే నా చెయ్యి పట్టుకుని, నువ్వు కూడా సాయపడుతున్నావటగా, పెదాలు ఆడించడం కంటే ఇది నయమే అని నవ్వింది.

నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 17

కడిగిన గ్లాసే. లోపల ఏమీ లేదు.

ఫిబ్రవరి 20

ఆయనకి తృప్తిగా లేదు. ఈ నాలుగు పాటల్లోనూ మనుషుల్ని గోడకి అతికించినట్టుంది, హాలు లేదు అన్నారు. నీకెలా ఉంది అని అడిగారు.

బాగుంది అన్నాను. నోరు జారింది.  మూసేసిన రెండు ట్రాకులూ తెరిచారు. వినడానికి కాదు, చూడటానికి. తెర మీద శబ్దం గీతలా కనిపిస్తుంది. వేలితో చూపించారు.

"దగ్గు ముల్లులా లేస్తుంది. కుర్చీ కూడా అంతే. ఇది చూడు, నీళ్ళు పారినట్టుంది. ఇది గోల కాదు, మనిషి."

పైన ముందు ట్రాకులు, కింద వెనకవి. చరణానికీ చరణానికీ మధ్య అందరూ ఊపిరి తీసుకునే చోట పై గీతలు సన్నబడిపోయాయి. కింద ఒక్క గీత మాత్రం ఆగకుండా సాగింది. ఏడు పాటల్లోనూ, ప్రతి చరణం చివరా.

నీకు వినిపించి ఉండదు, చాలా మెల్లగా ఉంటుంది, నీ తప్పు కాదు అన్నారు. సినిమా హాల్లో అబద్ధం చెప్పే స్పీకరుని ఇట్టే పట్టేసే మనిషి ఈ మాట నాతో అన్నారు.

సెట్టు ఉన్న రోజుల్లో ఆ గొంతు కోసమే వెనక స్పీకరు పక్కన కూర్చునేవారట. అందరూ శ్రుతి జారిపోయినప్పుడు ఆ గొంతు జారేది కాదట. ఎవరో తెలిసేది కాదు. మా బృందంలోని టైలరమ్మ అయ్యుంటుందని అనుకున్నారట. పాపం టైలరమ్మ పోయి మూడేళ్ళు. ఆవిడకి ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది అని కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఫిబ్రవరి 21

టైలరమ్మ మంచి మనిషి. పోయినావిడకి ఒక మంచి పేరు వస్తే ఎవరికి నష్టం? నాకైతే లేదు. ఆవిడ ఇంట్లోవాళ్ళకి సంతోషం. ఆయనకీ సంతోషం. ఇలాగే ఉండనిస్తే సరిపోతుంది.

ఫిబ్రవరి 22

ఇలాగే ఉండనిస్తే సరిపోతుందని మూడుసార్లు ప్రార్థించాను. జవాబు రాలేదు. ఏమని వస్తుంది?

ఫిబ్రవరి 25

ఆయన ఎడమ చెవి బాగా తగ్గింది. పొద్దున కుక్కరు కూత వినపడక గిన్నె మాడిపోయింది. కుక్కరు ఆయన పక్కనే ఉంది. మాడిన వాసనకి నేను పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాను. నన్ను చూసి ఆయన గిన్నె వైపు చూశారు, గిన్నెని చూసి నా వైపు చూశారు. అది చాలా ఖరీదైన గిన్నె అన్నట్టు రెండు చేతులతో తీసి తొట్టెలో పెట్టారు.

ఆపైన వెళ్ళి గదిలో కూర్చున్నారు. నేనూ వెళ్ళాను. టైలరమ్మ గొంతుని ముందు ట్రాకులతో కలపాలని ఐదు రోజులుగా కుస్తీ పడుతున్నారు. ఎక్కడ ఆ గొంతు మొదలవుతుందో, ఎక్కడ ముందు వరస ప్రతిధ్వని ఆగుతుందో ఆయనకిప్పుడు విడిగా అందడం లేదు. గీత కనిపిస్తోంది, గొంతు వినిపించడం లేదు. ఒక్కసారి ఆ గొంతు దగ్గరగా వింటే పట్టేస్తాను, కానీ ఆవిడ లేదుగా అన్నారు.

మా నాన్న బతికున్నప్పుడు అనేవారు, ఇది మాట్లాడితే పక్కగదిలో ఉన్న పిల్లి కూడా లేవదని. అటువంటిదాన్ని స్టూలు ఆయన ఎడమ వైపుకి జరుపుకున్నాను. మొదటి పాట వేయమని తెర మీద చూపించాను. ఆయన వేసి, గీత మీద వేలు పెట్టారు. వేలు పాటతో పాటే నడుస్తోంది.

ఆయన చెవికి నోరు ఆనించి పాడాను.

మొదట రాలేదు. తర్వాత వచ్చింది. ఇంకా గట్టిగా అని చేత్తో సైగ చేశారు. ఇంకా గట్టిగా పాడాను. కిటికీకి బొంత ఉంది కదా అని ధైర్యం. చరణం చివరికి వచ్చింది. అందరూ ఊపిరి తీసుకున్నారు. ఆయన వేలు అక్కడ ఆగింది. నేను ఆగలేదు.

నా ఊపిరి ఎప్పుడూ తప్పు చోటే. అందరూ గట్టిగా పాడుతున్నప్పుడు గబుక్కున తీసేసుకుంటాను. వాళ్ళు ఆగిన ఆ ఒక్క క్షణంలోనే నా గొంతు నాకు వినిపించేది. దాని కోసమే అన్నేళ్ళూ నిలబడ్డాను. ఈ సంగతి నాకే ఇవాళ ఇది రాస్తుంటే తెలిసింది.

ఆయన వేలు గీత మీద అలాగే ఉంది. నా వైపు తిరిగి, "నువ్వా?" అన్నారు.

అవునన్నాను. గోల అని అబద్ధం చెప్పానన్నాను. వదిన మాట, పెదాలు, అన్నీ చెప్పాను. ఎంత గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే ఎదురింటావిడ కిటికీ తెరిచిన చప్పుడు బొంత దాటి వినిపించింది. జీవితంలో మొదటిసారి నేను అరిచి చెప్పింది నా తప్పే.

ఆయన కోప్పడతారనుకున్నాను. ఒకటే అన్నారు.

"పన్నెండేళ్ళుగా టైలరమ్మకి ఉత్తినే దండం పెట్టుకుంటున్నానన్నమాట."

ఫిబ్రవరి 26

అయిపోయిన నాలుగు పాటలూ చెరిపేశారు.  మళ్ళీ మొదటి నుంచి.

మార్చి 9

రాయడానికి తీరిక లేదు. పొద్దున ప్రార్థన అవగానే గదిలోకి వెళితే మళ్ళీ భోజనానికే. నా గొంతు ఎక్కడుందో తెలిశాక ఆయనకి దారి దొరికింది. వెనకవాటిని కొద్దికొద్దిగా జరుపుతారు, నేను వింటాను. డబ్బా అంటాను. మళ్ళీ జరుపుతారు. మూత తెరుచుకుంది అంటాను. ఇంకొంచెం. ఇప్పుడు హాలు గుమ్మంలో నిలబడ్డానండీ అంటాను. అక్కడ ఆపుతారు. ఎడమకి ఒరిగింది, కూరగాయల సంచీ ఒకే చేత్తో మోస్తున్నట్టుంది అంటే కుడికి కాస్త కలుపుతారు. ఆయనకి సగం వినబడదు. అయినా నా పిచ్చిమాటలు విని సరిగ్గా ఎక్కడ ముట్టుకోవాలో అక్కడే ముట్టుకుంటారు. కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కించేవాళ్ళని చూశాను గానీ ఇలాంటి పని చూడలేదు.

నా గొంతు కాస్త తగ్గించండి అని అడిగాను. కుదరదన్నారు. పెంచమని అడిగినా కుదరదన్నారు. హాల్లో ఎంత ఉందో అంతేనట.

ఐదు పాటలు అయ్యాయి.

మార్చి 13

ఆరోది అయింది. సాయంత్రం టీ తాగుతూ ఆయన మొదటి నుంచి చివరిదాకా విన్నారు, ఎడమ చెవి స్పీకరుకి ఆనించి, కళ్ళు మూసుకుని. చరణం చివర అందరూ ఆగిన చోట చిటికెన వేలు ఎత్తేవారు. ఒక్కసారి కూడా తప్పలేదు.

మార్చి 14

పొద్దున లేచేసరికి ఎడమ చెవి కూడా లేదు.

మార్చి 15

నేను అబద్ధం చెప్పకపోయి ఉంటే ఏడోది కూడా అయ్యేది. రోజులు లెక్క వేశాను. రెండుసార్లు వేశాను. అయ్యేది.

నా అబద్ధం ఒక పాటని మింగింది. ఆయన మాత్రం నన్ను ఏమీ అనడం లేదు. పలక మీద రాసి చూపించాను, నావల్లే అని. ఆయన దాని కింద 'ఏడోది ఎప్పుడు మొదలుపెడదాం?' అని రాశారు.

మార్చి 20

ఏడో పాట నేను కలిపాను. మౌసు నా చేతిలో, నా చెయ్యి ఆయన చేతిలో. ఆయన గీతల్ని చూస్తారు, రెండో చెయ్యి స్పీకరు మీద పెట్టి అదురు చూస్తారు. ఎక్కడ ఆపాలో మాత్రం నేనే చెప్పాలి. నాలుగు రోజులు పట్టింది. హాలు కనిపించేదాకా జరిపాను. పెచ్చులూడిన గోడ, కిర్రుమనే మూడో కుర్చీ, ముందు వరసలో వదిన గొంతు నిలువెత్తున, ఆ వెనక టీచరుగారు, పాలాయన, ఇప్పుడు లేనివాళ్ళంతా. చిట్టచివర నేను.

అయిపోయాక ఎలా ఉందని కళ్ళతో అడిగారు. నీలం పుస్తకంలో రాసి చూపించాను. 'తలుపులన్నీ తీసి ఉన్నాయి. ఎవరూ గోడకి అతుక్కుని లేరు. పొంగు లేదు, డబ్బా లేదు. రెండో చరణంలో పాలాయన కొంచెం ముందు అందుకున్నాడు, అది ఆయన అలవాటు, అలాగే ఉంచాను.'

ఆయన మూడుసార్లు చదువుకున్నారు. పాట విన్నవాళ్ళలాగే తలాడించారు.

మార్చి 23, ఆదివారం

వదిన వచ్చింది. తమ్ముడికి పూర్తిగా వినపడదని తెలిశాక ఇదే రావడం. ఆయన బుగ్గ నిమిరి పలక మీద ఏదో రాయబోయి, సుద్ద విరిగితే ఆ ముక్కని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

ఏడు పాటలూ వేశాను.  వదిన మొదటి చరణం చివరికే తల ఎత్తింది. తర్వాత దించలేదు. ఏడూ అయ్యాక పలక తీసుకుని, వెనక ఉన్నది ఎవర్రా అని రాసింది.

ఆయన చదివి, నా వైపు చూడకుండా, నోటితోనే చెప్పారు.

"టైలరమ్మ."

నేను చెప్పమనలేదు. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. ఆయనే అలా అనుకున్నారు.

వదిన సుద్ద కింద పెట్టింది. ఆ వారం టైలరమ్మ కూతురి కాన్పుకి వెళ్ళింది, హాలు ఆఖరి పాటలకి లేకపోయానని నా దగ్గరే ఏడ్చింది అని మెల్లగా అంది. నాతోనే అంది. నేను టీ కప్పులు తీస్తున్నాను.

 మూడో పాటలో నేను శ్రుతి సగం దిగిపోయాను తెలుసా అంది వదిన. ఆ రోజు ఎలా సర్దుకున్నానో ఇన్నేళ్ళూ నాకే అర్థం కాలేదు, నా గొప్పే అనుకున్నాను అంది. ఇంకేదో అనబోయి కళ్ళు ఒత్తుకుంది.

"వచ్చే వారం నుంచి ముందు వరసలో నా పక్కన నిలబడు మరదలా."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ మాట కోసం ఎదురుచూశానని అనుకునేదాన్ని. వచ్చాక చూస్తే వేరేగా ఉంది.

"వద్దు వదినా. నాకు వెనకే బాగుంది."

ఆయన నా పెదాలు చూస్తున్నారు. వేలు పైకెత్తి, ఈ గదిలో ఆ మాట నిషేధం అన్నారు. వదినకి అర్థం కాలేదు. మేమిద్దరం నవ్వుతుంటే, మీకు పిచ్చి పట్టిందని తనూ నవ్వింది.

కానీ ఈసారి ఆ మాట మర్యాదకి అనలేదు. అది మాత్రం రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 24

ఇంటింటికీ ఇవ్వాల్సిన పాటల పెన్‌డ్రైవులు సంచీలో సర్దాను. వాటితో పాటు వెళ్ళే కాగితం మీద పాడినవాళ్ళ పేర్లున్నాయి. నా పేరు వెనక వరసలో ఉంది. టైలరమ్మ పేరు ఆయన తీసేయలేదు, నేనూ తీయనివ్వలేదు. వేరే పాటల్లో ఎన్నిసార్లు పాడిందో ఆవిడ.

నీలం పుస్తకం గదిలోనే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. మొదటి పేజీలో 'ఉత్త గోల' అన్న మాట కొట్టేయలేదు. పక్కన తారీకు వేసి 'నేను' అని రాశాను.

ఈ గోధుమరంగు పుస్తకాన్ని ఆరు ట్రాకుల అసలు డిస్కులున్న రేకుపెట్టెలో, వాటి అడుగున పెడుతున్నాను. పెట్టె ఎవరి చేతికి వచ్చినా ఒకటే మనవి. బయట తిరగడానికి రెండు ట్రాకులున్నాయి, అవి చాలు. ఇది పారేయకండి, ఎవరికీ చూపించకండి. తడి తగలని చోట ఉంచండి.